మూత తీసి చూడాలి

అమెరికా పాతసామాన్ల దుకాణాల్లో బర్చ్ బెరడు పెట్టె కనిపిస్తే చాలు, ‘ఇరాక్వాయ్’ అని చీటీ అంటించేస్తారు. కొనేవాళ్లూ మారుమాటాడకుండా డబ్బు తీస్తారు. కానీ ఇరాక్వాయ్ అనే స్థానిక జాతులు తమ పొడుగాటి ఉమ్మడి ఇళ్లను కప్పుకున్నది ఎల్మ్ బెరడుతో. బర్చ్ బెరడు మీద ముళ్లపంది ముళ్లు పొదిగిన రంగుల పెట్టె చాలాసార్లు మిక్‌మాక్ జాతి వాళ్లది. మూస్ వెంట్రుకలతో పూలు కుట్టి ఉంటే క్యూబెక్‌లోని హ్యూరాన్-వెండాట్ వాళ్లది కావచ్చు. ఇరాక్వాయ్ పనితనం కావాలంటే న్యూయార్క్-కెనడా సరిహద్దులోని అక్వెసాస్నేకు, ఇరాక్వాయ్ జాతుల్లో ఒకటైన మోహాక్ మహిళల బుట్టల దగ్గరికి రావాలి. బ్లాక్ యాష్ దుంగను బాది బాది, వలయాల వెంట పట్టీలుగా ఊడదీసి, స్వీట్‌గ్రాస్ అనే సువాసన గడ్డిని జోడించి అల్లుతారు. ఆ గడ్డిలోని కౌమరిన్ పుణ్యమా అని, ఏళ్లు గడిచినా ముసురు పట్టిన రోజున, తడిపిన వట్టివేళ్ల తడికలా పరిమళం మళ్లీ లేస్తుంది. మూత తీస్తే ఇంకో ముచ్చట: పైన ఎండకు వెలిసిపోయిన పట్టీల ఎరుపు రంగు లోపల నిగనిగలాడుతూనే ఉంటుంది. సేకర్తలకు ఆ ఎరుపు మీద ఉన్న మోజు అల్లినామె పేరు మీద ఉండదు, అదే చిరాకు. స్థానిక జాతుల సరుకంటూ నకిలీలు అంటగట్టడాన్ని 1990 నాటి ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ చట్టం నేరమంది గానీ, అది 1935 తర్వాత చేసినవాటికే వర్తిస్తుంది. అంతకన్నా పాత బుట్టకు కొనేవాడి కళ్లే కాపలా. ఈలోగా, 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు యాష్ చెట్లనే తొలిచేస్తోంది; అందుకే పాతవాటికి వేలంపాట పాడేవాళ్లు, ఇప్పుడు అల్లుతున్న వాళ్ల దగ్గరా ఒక బుట్ట కొనాలి.