సరస్సు ఒడ్డున డేరా: ఒక రాత్రి విడిదికి ఎవరి పూచీ?

కార్తిక మాసంలో కుటుంబ సమేతంగా తోటకో, చెరువు గట్టుకో వెళ్లి, ఉసిరి చెట్టు నీడన వండుకొని తిని, చీకటి పడకముందే ఇల్లు చేరుకోవడం తెలుగువారి ఆనవాయితీ. గంజాం జిల్లాలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాలు ఈ ఆచారాన్ని నేటికీ విడిచిపెట్టలేదు. ఇరుగుపొరుగు ఒడియా కుటుంబాలవారు దీనినే ‘బణభోజి’ అంటారు. మాట ఒకటే, పలుకుబడి మాత్రమే వేరు. అయితే ఇటీవలి కాలంలో ఈ ఆచారం రూపు మారుతున్నది. పగటిపూట భోజనంతో ముగిసే విహారం రాత్రి బసగా పెరిగింది. నీటి అంచున డేరా, దాని ముందు చలిమంట, ఉదయాన్నే పడవ షికారు: పిల్లాపాపలతో బయలుదేరే మధ్యతరగతి కుటుంబానికి శీతకాలపు సెలవులంటే నేడు ఇదే.

ఈ మార్పును తప్పుపట్టవలసిన పనిలేదు. తప్పుపట్టవలసినది మరొకటి ఉంది. సరస్సు ఒడ్డున వెలసే డేరాను తాత్కాలికమైనదిగా భావించి ప్రభుత్వము, నిర్వాహకులు, యాత్రికులు ముగ్గురూ బాధ్యతను పక్కన పెడుతున్నారు. డేరాను మూడు నెలల తరువాత మడిచి తీసుకుపోతారు. అది మిగిల్చిన మురుగు, చెత్త మాత్రం ఆ ఒడ్డునే ఉండిపోతాయి. చిలికా నుండి తంపర వరకు మన కళ్లముందున్న సరస్సుల విషయంలో ఈ సంగతిని తీరికగా ఆలోచించవలసిన సమయం వచ్చింది.

మన వాకిట ఉన్న సరస్సులు

చిలికా మూడు జిల్లాల సరస్సు. పూరీ, ఖుర్దా, గంజాం జిల్లాల మధ్య వేసవిలో సుమారు 900, వర్షకాలంలో 1,100 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించే ఈ ఉప్పునీటి కయ్యను 1981లో రామ్‌సార్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తించారు. దేశంలో ఆ గుర్తింపు మొట్టమొదట పొందినవి రాజస్థాన్‌లోని కేవలాదేవ్, మన చిలికా. గంజాం వైపున రంభ, ఖుర్దా వైపున బార్కుల్, పూరీ వైపున సాతపడ యాత్రికుల విడిది కేంద్రాలు. మద్రాసు - హౌరా రైలు మార్గము, జాతీయ రహదారి ఈ సరస్సు పడమటి ఒడ్డును ఆనుకొనిపోవడం వలన శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి వచ్చే కుటుంబాలకు ఇది సులువైన ప్రయాణం.

ఛత్రపురం చెంతనున్న తంపర అంత ప్రసిద్ధి పొందినది కాదు. కేవలం 300 హెక్టార్ల మంచినీటి సరస్సు. అయినా దానికి కూడా రామ్‌సార్ గుర్తింపు లభించినట్లు 2022 ఆగస్టులో ప్రకటన వెలువడింది. 60 రకాల పక్షులకు, 46 రకాల చేపలకు అది ఆశ్రయం. ఒడ్డునున్న గ్రామాల వారికి అది చేపల వేట కూడా. కేంద్ర ప్రభుత్వ స్వదేశ్ దర్శన్ పథకం కింద గోపాల్‌పూర్, బార్కుల్, సాతపడలతో పాటు తంపరను కూడా పర్యాటక వలయంలో చేర్చారు.

ఒడిశా పర్యాటక శాఖ 2019లో కోణార్క సమీపాన సముద్రతీరంలో ‘ఎకో రిట్రీట్’ పేరిట విలాసవంతమైన డేరాల విడిదిని ప్రారంభించింది. తరువాతి సంవత్సరాలలో హిరాకుడ్ జలాశయం, సత్కోసియా, దారింగిబాడి, ఆంధ్ర సరిహద్దున గంజాం జిల్లాలోనే ఉన్న సోనాపూర్ వంటి చోట్లకు ఈ ప్రయోగాన్ని విస్తరించింది. అటవీశాఖ శిబిరాలు వేరుగా ఉన్నాయి. వీటిని చూసి ప్రైవేటు వ్యక్తులు కూడా నీటి అంచున డేరాలు వేయడం సహజమే. పక్కా భవనం కట్టాలంటే పెట్టుబడి కావాలి, అనుమతులు కావాలి. డేరాకు అవి అంతగా అక్కరలేదన్న భావన బలంగా నాటుకుపోయింది.

చట్టం దేనిని కొలుస్తున్నది?

ఈ భావన పూర్తిగా నిరాధారమైనది కాదు. నిబంధనలే అందుకు చోటిస్తున్నాయి. 2017లో కేంద్రం వెలువరించిన చిత్తడినేలల సంరక్షణ నిబంధనల ప్రకారం, గడచిన పదేళ్ల సగటు గరిష్ఠ వరదమట్టం నుండి 50 మీటర్ల లోపల పడవల రేవులు తప్ప శాశ్వత స్వభావం గల నిర్మాణమేదీ చేయరాదు. ఇక్కడ ‘శాశ్వత స్వభావం’ అన్న మాటను గమనించాలి. గుంజలు పాతి గుడ్డ కప్పిన డేరాను శాశ్వత నిర్మాణమని ఎవరూ అనలేరు. అదే విధంగా 2019 నాటి తీరప్రాంత నియంత్రణ ప్రకటన సముద్రతీరంలో తాత్కాలిక పర్యాటక సదుపాయాలను అనుమతిస్తూ, ఆటుపోట్ల గరిష్ఠ రేఖ నుండి కనీసం 10 మీటర్ల దూరం పాటిస్తే చాలునన్నది. ఇక సాగునీటికి, తాగునీటికి మనుషులు కట్టుకున్న జలాశయాలను 2017 నిబంధనలు సాధారణంగా తమ పరిధి నుండి మినహాయించాయి. తెలంగాణలోని కాకతీయుల కాలపు లక్నవరం మొదలుకొని మహారాష్ట్రలోని ఆనకట్టల జలాశయాల వరకు నేడు విహార కేంద్రాలుగా మారినవి అనేకం ఈ కోవలోనివే.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో దీనిని పోల్చి చూడాలి. రొయ్యల చెరువుల కాలుష్యంపై విచారణ జరిపిన న్యాయస్థానం చిలికా, పులికాట్ సరస్సులకు 1,000 మీటర్ల లోపల రొయ్యల పెంపకపు పరిశ్రమ ఉండరాదని ఆదేశించింది. ఒకవైపు వెయ్యి మీటర్లు, మరొకవైపు యాభై, ఇంకొకవైపు పది. ఈ అంకెల వ్యత్యాసానికి కారణం ఉన్నది. రొయ్యల చెరువు వ్యర్థాన్ని విడుదల చేస్తుందని న్యాయస్థానం గుర్తించింది. డేరా ఏమి విడుదల చేస్తుందన్న ప్రశ్నను ఎవరూ సూటిగా వేయలేదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక శిబిరంలో 50 డేరాలు, డేరాకు నలుగురు అనుకుంటే రాత్రికి 200 మంది. స్నానపానాదులకు మనిషికి 100 లీటర్లు మాత్రమే వేసుకున్నా దినానికి 20,000 లీటర్ల నీరు వాడి వదలవలసి వస్తుంది. మూడు నెలలకు అది 18 లక్షల లీటర్లు. మరుగుదొడ్ల మురుగు ఇందులోనే కలిసి ఉంటుంది. ఒక చిన్న పల్లె విడిచేటంత మురుగును నీటి అంచునే విడిచే శిబిరాన్ని, గోడలు గుడ్డవన్న కారణంగా తాత్కాలికమని భావించడం న్యాయమా? చట్టం కట్టడాన్ని కొలుస్తున్నది గాని, అందులో బస చేసే జనసంఖ్యను కొలవడం లేదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఒకే కాలంలో ఇద్దరు అతిథులు

మరొక విషయం. డేరాల ఋతువు, వలస పక్షుల ఋతువు ఒక్కటే. అక్టోబరు, నవంబరు నెలలలో ఉత్తరాది దేశాల నుండి చిలికాకు చేరే పక్షులు మార్చి వరకు ఇక్కడే ఉంటాయి. ఇటీవలి జనవరి గణనలలో వాటి సంఖ్య 11 లక్షలు దాటుతున్నది. సరస్సు నడుమనున్న నలబణ దీవిని పక్షుల అభయారణ్యంగా కాపాడుతున్నారు. కాని పక్షి నలబణలోనే కూర్చోదు. మేత కోసం అది ఒడ్డునున్న తుంగకు, బురదనేలకు వస్తుంది. ఆ ఒడ్డున రాత్రంతా విద్యుద్దీపాలు, పాటల పెట్టెలు ఉంటే అది మరొక చోటు వెతుక్కుంటుంది. సాతపడ వైపు కనిపించే ఇరవాడి డాల్ఫిన్లు సుమారు 150 మాత్రమే. వాటిని దగ్గరగా చూపించాలన్న పోటీలో మరపడవలు వెంటపడడం, మరరెక్కలు తగిలి అవి గాయపడడం ఏనాటి నుండో ఉన్న సమస్య.

ఈ సరస్సు ఒకసారి జబ్బుపడి లేచినదన్న సంగతి విస్మరించరాదు. పూడిక పేరుకొని, సముద్రపు నీరు లోపలికి రాక, కలుపుమొక్కలు కమ్ముకొని, చేపలు తగ్గిపోయిన స్థితిలో 1993లో చిలికాను ప్రమాదంలో ఉన్న చిత్తడినేలల జాబితాలో చేర్చారు. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త ముఖద్వారం తెరచిన తరువాతనే అది కోలుకున్నది. అంతకుముందు ఏటా సుమారు 1,700 టన్నులకు దిగజారిన చేపల దిగుబడి 2001-02 నాటికి 11 వేల టన్నులు దాటింది. 2002లో ఆ జాబితా నుండి చిలికా పేరు తొలగింది. ఇంత వ్యయప్రయాసలకోర్చి దక్కించుకున్న దానిని ఒక్కొక్క డేరాగా, ఒక్కొక్క మురుగు గుంటగా చేజార్చుకోవడం తెలివైన పని కాదు.

సొమ్ము ఎవరిది, శ్రమ ఎవరిది?

చిలికాపై ఆధారపడిన మత్స్యకారులు సుమారు రెండు లక్షల మంది. సముద్రం వైపు ఒడ్డున వేట సాగించే నోలియాలలో తెలుగు మాట్లాడేవారు గణనీయంగా ఉన్నారు. రొయ్యల వ్యాపారం వచ్చినప్పుడు సంప్రదాయ జాలరుల వేట స్థలాలు ఇతరుల చేతుల్లోకి పోయాయి. ఆ వివాదం 1999లో సొరణ వద్ద పోలీసు కాల్పులకు దారితీసి నలుగురు ప్రాణాలు కోల్పోయారు. నాటి పాఠం ఒక్కటే: సరస్సు మీద కొత్త ఆదాయం పుట్టినప్పుడు పాతకాపుల వాటాను ముందుగా నిర్ణయించకపోతే వైరం తప్పదు. వల ఆరవేసుకునే ఇసుకతిన్నె, పడవ లాగిపెట్టుకునే రేవు పట్టా కాగితాలలో కనిపించకపోవచ్చు. డేరాలు వేసేవారికి అది ఖాళీ స్థలంగానే తోస్తుంది. జాలరికి మాత్రం అది పనిచేసే చోటు.

ఇందుకు మారుగా మంచి ఉదాహరణ చిలికా ఉత్తరపు ఒడ్డునే ఉన్నది. మంగళాజోడి గ్రామంలో ఒకప్పుడు పక్షులను వేటాడి అమ్మినవారే కాపలాదారులుగా, మార్గదర్శకులుగా మారారు. యంత్రం లేని పడవను గడకర్రతో నడుపుతూ పక్షిని బెదరనీయకుండా చూపిస్తారు. బస, భోజనం ఏర్పాట్లు గ్రామస్థుల చేతుల్లోనే ఉన్నాయి. ఆ ప్రయత్నానికి 2018లో ప్రపంచ పర్యాటక సంస్థ గుర్తింపు లభించింది. అక్కడ పక్షి బ్రతికి ఉంటేనే ఊరికి కూడు. రక్షణకు అంతకంటే గట్టి హామీ వేరొకటి అక్కరలేదు.

నియంత్రణ లేకుండా పెరిగితే ఎలా ఉంటుందో తెలుసుకొనుటకు మహారాష్ట్రలోని పవనా జలాశయాన్ని చూడవచ్చు. పుణె జిల్లా మావళ్ తాలూకాలోని ఈ జలాశయం పింప్రి - చించ్‌వడ్ నగరానికి తాగునీరు ఇస్తున్నది. ముంబయి, పుణె నగరాల నుండి వారాంతాలలో వచ్చే జనం కోసం దాని చుట్టూ ప్రైవేటు శిబిరాలు పుట్టుకొచ్చాయి. నగరవాసులు శనివారం రాత్రి ఏ నీటి ఒడ్డున బస చేస్తున్నారో, ఆ నీటినే మరొక నగరం తాగుతున్నది. రంభకు, తంపరకు ఆ పరిస్థితి ఇంకా రాలేదు. రాకముందే మేలుకోవాలి.

చేయవలసినది ఏమిటి?

డేరాలను నిషేధించడం పరిష్కారం కాదు. నిషేధం కాగితం మీద ఉండి, డేరాలు ఒడ్డున ఉంటాయి. తాత్కాలికమైనా, శాశ్వతమైనా, ఒక రాత్రికి ఎంతమంది బస చేయవచ్చునన్నది సరస్సు వారీగా నిర్ణయించాలి. మురుగును ఒడ్డున ఇంకనీయకుండా తొట్టిలో నిలువచేసి బండిలో తరలించే ఏర్పాటు ఉన్న శిబిరానికే అనుమతి ఇవ్వాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 గంటల వరకు ధ్వనివర్ధకాలు వాడరాదన్న 2000 నాటి నిబంధన ఇప్పటికే ఉన్నది, అమలు చేస్తే చాలును. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులలో అనేకం 2022 జూలై 1 నుండి నిషిద్ధం, ఒడ్డున తనిఖీ చేసేవారే కావాలి. శిబిరం ఆదాయంలో గ్రామసంఘానికి, మత్స్యకార సహకార సంఘానికి నిర్ణీత వాటా ఉండాలి. పడవ ఎక్కే ప్రతి పిల్లవానికి సరిపోయే తేలుడు కోటు ఉండాలి. 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాన్ని తెలుగువారు అంత త్వరగా మరువలేరు. హెచ్చరిక పలకలు ఒడియా, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ ఉండాలి. రంభకు వచ్చే యాత్రికులలో తెలుగు చదివేవారు తక్కువ కాదు.

ఇక కుటుంబాలు చేయవలసినది కూడా ఉన్నది. బస కుదుర్చుకునే ముందు అద్దె ఎంత, భోజనంలో చేపల పులుసు ఉందా అని అడుగుతాము. మరుగుదొడ్డి నీరు ఎక్కడికి పోతుంది, చెత్త ఎవరు ఎత్తుతారు, పడవ నడిపేది ఆ ఊరివారేనా అన్న మూడు ప్రశ్నలను కూడా జోడించాలి. జవాబు చెప్పలేని నిర్వాహకుని వద్ద బస చేయనవసరం లేదు. పదిమంది అడిగితే పదకొండవవాడికి జవాబు సిద్ధంగా ఉంటుంది.

జనవరిలో మకర సంక్రాంతికి కాళీజాయి దీవికి చిలికా జాలరులు, యాత్రికులు వేల సంఖ్యలో పడవలపై తరలివస్తారు. ఆ సరస్సును వారు తల్లిగా కొలుస్తారు. తల్లి ఇంటికి చుట్టపుచూపుగా వెళ్లినవారు వాకిలి పాడుచేసి రారు. ఈ శీతకాలం డేరాలు దించేనాటికి ఒడ్డు ఎలా ఉంటుందన్నది జిల్లా యంత్రాంగపు ఆదేశాలపై ఎంత ఆధారపడి ఉందో, బసకు వెళ్లే మన కుటుంబాలపై కూడా అంతే ఆధారపడి ఉన్నది.