ఇన్‌స్పెక్షన్ రోజున మన పిల్లలెక్కడ?



రెండు నెలల కిందట మా పక్క టౌన్లో ఉన్న ఒక ప్రైవేటు ఐటిఐ కరస్పాండెంటు గారు మమ్మల్ని పిలిపించుకున్నారు. మేమంటే ప్రభుత్వ బళ్ళలో పాఠాలు చెప్పుకునే నలుగురం. మాలపల్లెల్లోంచీ మాదిగ గూడేల్లోంచీ వచ్చి, మా ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ పాసైనవాళ్ళం. సాయంత్రాలు పల్లె పిల్లల్ని కూచోబెట్టి లెక్కలూ ఇంగ్లీషూ చెప్తుంటాం. ఆయనగారికి మా మీద ఇంత గౌరవం ఎప్పుడు పుట్టుకొచ్చిందా అనుకుంటూనే వెళ్ళాం. కుర్చీలు వేయించారు, టీ తెప్పించారు. (ఆ గుమ్మంలో మాకు టీ దొరకడం అదే మొదటిసారి.) "మాస్టారూ, ఇన్‌స్పెక్షన్లు చూసి చూసి ఉన్నవాళ్ళు మీరు. ఇంకో రెండు వారాల్లో మాకు టీమొస్తోంది. రికార్డులు కొంచెం వెనకబడ్డాయి. మీ చేతిరాత బావుంటుందని విన్నాం" అన్నారు.

వెనకబడటమంటే ఏందో ఆఫీసు గదిలోకి వెళ్ళాక అర్థమైంది. ఆరు నెలల లెసన్ ప్లాన్లు పాత తేదీలతో రాయాలి. ఒక్కొక్క పిల్లాడి ప్రోగ్రెస్ కార్డులో చెయ్యని జాబులకి ప్రాక్టికల్ మార్కులు వెయ్యాలి. ఫైల్లో ముగ్గురు ఇన్‌స్ట్రక్టర్ల సర్టిఫికెట్లున్నాయి, మనుషుల్లో ఒక్కడే కనిపించాడు. వర్క్‌షాపులోకి తొంగిచూస్తే లేత్ మిషన్ మీద గోనెపట్ట కప్పి ఉంది. ఎందుకయ్యా అంటే బెల్టు తెగి చాలాకాలమైందంట. ఫిట్టర్ ట్రేడు పిల్లలు ఆకురాయి పట్టుకోవాల్సిన టైములో చీపురు పట్టుకుని గోడలకి సున్నం కొడుతున్నారు. అందులో సగం మంది మనవాళ్ళే. మమ్మల్ని చూసి "నమస్తే సార్" అని చేతులు వెనక్కి దాచుకున్నారు.

ఐటిఐలో ఏం చెప్తారో, ఇన్‌స్పెక్షనులో ఏం చూస్తారో మన తల్లిదండ్రులకి ఎవరూ చెప్పరు. అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాం. ఢిల్లీలో ఉండే శిక్షణ డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీటీ, సిలబస్ ఇస్తుంది. గుర్తింపూ దాని చేతిలోదే. 2022లో సిలబస్ మార్చాక ఏడాదికి 1200 గంటల శిక్షణ పెట్టారు. మొదటి ఏడాదైతే అందులో 840 గంటలు ప్రాక్టికల్, 240 గంటలు థియరీ, మిగిలిన 120 గంటలు ఉద్యోగానికి కావాల్సిన మాటా మర్యాదా నేర్పే క్లాసులు. ఫిట్టర్లో ఒక యూనిట్టుకి 20 మంది. ఆ ఇరవై మందికీ ఎన్ని బెంచి వైసులుండాలి, ఎన్ని వెర్నియర్లుండాలి, షెడ్డు ఎంత విస్తీర్ణముండాలి, కరెంటు లోడెంత, ఇన్‌స్ట్రక్టరుకి ఏ ట్రైనింగుండాలి, అంతా కాగితం మీద రాసే ఉంది. టీము వచ్చి చూడాల్సిందిదే. రోజుకి ఆరు గంటల లెక్కన వేసినా 840 గంటలంటే 140 రోజులు పిల్లాడి చేతికి ఇనుము తగలాలి. లేత్ గోనెపట్ట కింద పడుకుంటే ఈ 140 రోజులు ఎక్కడికి పోయాయి? లెసన్ ప్లాన్లోకి పోయాయి. చేతిరాత బాగున్నవాళ్ళని వెతికేది అందుకే!

ఇప్పుడు చాలాచోట్ల హాజరు వేలిముద్రల మీద పడుతోంది కదా, దొంగలెక్కలెట్లా కుదురుతాయంటారేమో. వేలు పడుతుంది సరే, ఆ వేలికి పని పడిందో లేదో ఏ మిషను చెప్తుంది?

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. పైవాళ్ళు వస్తున్నారంటే మా బళ్ళలో మేం చేసిందేమిటి? రాత్రికి రాత్రి చార్టులు అంటించాం, నోట్సులు దిద్దినట్టు ఎర్ర సిరా టిక్కులు పెట్టాం, ఆ రోజు చెప్పబోయే పాఠాన్ని ముందురోజే చెప్పి జవాబులు బట్టీ పట్టించాం. పోనీ ఇది మా తరంతో మొదలైందా అంటే అదీ కాదు. మేం చదువుకునేటప్పుడు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే చొక్కా చిరిగిన పిల్లల్ని "రేపు రావొద్దురా" అనేవారు. ఆ చిరుగుచొక్కాలు ఏ పల్లెవో చెప్పక్కర్లేదు గదా. మాలో ఒకాయన మూడో తరగతిలో అట్లా రెండు రోజులు పొలంగట్టు మీద కూచుని బడి గంట విన్నాడు. ఆ రెండు రోజులూ రిజిస్టర్లో ఆయనకి హాజరు పడింది!

కరస్పాండెంటు గారితో మేమొక మాట చెప్పాం. పాత తేదీలు వెయ్యం. కానీ రెండు వారాలు తక్కువేం కాదు. బెల్టు వేయించండి, సర్టిఫికెట్లు పెట్టిన ఆ ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లని నిజంగానే జీతానికి పెట్టుకోండి, పిల్లల చేత మిగిలిపోయిన జాబులు చేయించి వచ్చిన మార్కులే వెయ్యండి. లేనిది లేదని రాసి, ఎప్పటికి సమకూరుస్తారో రాసి సంతకం పెట్టండి. కావాలంటే ఆ రెండు వారాలూ సాయంత్రం పూట వచ్చి వర్క్‌షాప్ లెక్కలు మేం చెప్తాం, పైసా తీసుకోం అన్నాం. ఆయన నవ్వారు. "అవన్నీ అయ్యేవి కావు మాస్టారూ. కొంచెం ప్రాక్టికల్‌గా ఆలోచించాలి మీరు" అన్నారు. ప్రాక్టికల్ అనే మాట ఆ ప్రాంగణంలో మేం విన్నది ఆ ఒక్కసారే.

కోపంతో బయటికొచ్చాం. అధికారులకి అర్జీ పెడదామని రాసుకున్నాం కూడా. ఆ రాత్రి పల్లెలో ఒక తల్లి మమ్మల్ని ఆపింది. మిరపకాయల కోతకెళ్ళి అప్పుడే వచ్చినట్టుంది, చేతులు మండుతున్నాయని నీళ్ళలో పెట్టుకుని కూచుంది. "సారూ, మీరు ఉన్నదున్నట్టు రాస్తే కాలేజీ మూతేస్తారంటగా? మావోడు రెండో ఏడు. ముందు ఆడి కాయితం చేతికి రానీయండి, తరవాత మీ ఇష్టం" అంది. మాలో ఎవరికీ నోట మాట రాలేదు. ఆమె అన్నదాంట్లో అబద్ధమేముంది? గుర్తింపు రద్దయితే కరస్పాండెంటుకి పోయేది ఒక బోర్డు. ఆయన ఇంకో ఊళ్ళో ఇంకో బోర్డు కట్టుకుంటాడు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు కింద మన పిల్లల పేరు మీద సర్కారు కట్టిన ఫీజు ఆయన దగ్గరే ఉంటుంది. పోయేదల్లా పిల్లాడి రెండేళ్ళు. దొంగ రికార్డుకి మన పిల్లల భవిష్యత్తునే తాకట్టు పెట్టి, మన నోళ్ళే మూయించే ఏర్పాటు ఇది.

అర్జీ పెట్టాం గానీ, మార్చి పెట్టాం. తప్పుంటే శిక్ష యాజమాన్యానికి వెయ్యండి, ఇప్పుడు చదువుతున్న పిల్లల్ని దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఐటిఐకి మార్చి పరీక్ష రాయించండి, ఆ హామీ ముందు రాతపూర్వకంగా ఇవ్వండి అని రాశాం. ఈ హామీ లేనిదే నిజం చెప్పమని ఏ తల్లిని అడగగలం?

టీమొచ్చిన రోజు సంగతి పిల్లలు చెప్పారు. గుమ్మానికి మామిడాకులు, పూలదండలు. లేత్‌కి ఎక్కడినుంచో బెల్టు వచ్చింది. తెల్లచొక్కాలేసుకుని గడగడా మాట్లాడేవాళ్ళని ముందు వరసలో నిలబెట్టారు. మన పిల్లలు పదకొండు మందికి "ఇవాళ మీకు సెలవు" అన్నారు. మధ్యాహ్నం భోజనాలై టీము వెళ్ళిపోయాక, సాయంత్రం ఒక మనిషొచ్చి బెల్టు ఊడదీసుకుని పోయాడంట!

ఇది ఒక్క ఊరి కథ అనుకోవద్దు. దేశంలో 2007 దాకా అరవై ఏళ్ళలో వచ్చిన ప్రైవేటు ఐటిఐలు సుమారు రెండు వేలు. ఆ తర్వాత పదేళ్ళలోనే తొమ్మిది వేలకు పైగా పుట్టుకొచ్చాయి. నియమాలు చూడకుండా గుర్తింపులిచ్చారని 2017-18లో పార్లమెంటు కార్మిక స్థాయీ సంఘమే తప్పుపట్టింది. పెద్ద చదువుల సంగతి ఇంతకంటే మెరుగని అనుకునేవాళ్ళు 2025 ఫిబ్రవరిని గుర్తుచేసుకోవాలి. మన గుంటూరు జిల్లాలోని ఒక యూనివర్సిటీకి మంచి గ్రేడు వేయడానికి లంచాలు తీసుకున్నారన్న ఆరోపణ మీద నాక్ తనిఖీ బృందంలోని వాళ్ళనే సిబిఐ అరెస్టు చేసింది. గ్రేడులు కొనగలిగిన చోట పేదవాడి పిల్లాడి పనితనం ఎవరిక్కావాలి?

మనకెందుకు కావాలో మాత్రం చెప్పుకోవాలి. బాబాసాహెబ్ 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ చూశారు. యుద్ధకాలపు సాంకేతిక శిక్షణ పథకం ఆ శాఖ చేతిలోనే నడిచింది. ఆయన ఉన్నప్పుడే, 1945లో, ఆ శాఖ కింద పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ పెట్టారు. ఇవాళ్టి డీజీటీ దాని వారసత్వమే. 1950లో ఐటిఐలు మొదలయ్యాయి. తాత చేసిన పనే మనవడూ చెయ్యాలన్న చోట, ఏ కులంవాడైనా ఏ పనైనా నేర్చుకుని సర్టిఫికెట్ పట్టుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడొచ్చన్నది చిన్న సంగతా? (మన తాతలు తోలు ఊని, చెప్పు కుట్టి, డప్పు కట్టారు. ఆ పనితనానికి ఏ సర్కారూ సర్టిఫికెట్ ఇయ్యలేదు, అది వేరే వ్యాసం.) ఆ గేటు దగ్గర లేత్ తిప్పమంటే తిప్పలేక మనవాడు తిరిగొస్తే "వీళ్ళింతే, రిజర్వేషన్ సరుకు" అంటారు. గోనెపట్ట సంగతి అనరు.

కాబట్టి ఇన్‌స్పెక్షను వద్దనట్లేదు మేం. సరిగ్గా చెయ్యమంటున్నాం. ముందుగా కబురు పెట్టకుండా మామూలు రోజున రండి. ప్రిన్సిపాలు లేకుండా పిల్లలతో తెలుగులో మాట్లాడండి. ఒక ఇనుప ముక్క చేతికిచ్చి చతురస్రంగా ఆకురాయి పట్టమనండి, పది ఫైళ్ళు చెప్పలేనిది ఆ ముక్క చెప్తుంది. తర్వాత రిపోర్టుని తల్లిదండ్రుల ముందు చదవండి. ఇది కొత్త కోరికేం కాదు. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీ జరిగింది. మస్టర్లు జనం ముందు చదివారు, "నేను ఆ రోజు పనికే పోలేదు, నా పేరెట్లా వచ్చింది" అని కూలి తల్లులు లేచి అడిగారు. మట్టి పనికి కుదిరింది చదువుకి కుదరదా?

ఆ టీము ఏం రాసిందో ఇవ్వమని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. కాపీ రాగానే ఈ పత్రికలో ఉన్నదున్నట్టు వేస్తాం. ఈలోగా, వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకి పల్లెలోని అంబేద్కర్ బొమ్మ దగ్గర కూచుంటున్నాం. ఐటిఐలో పిల్లలున్న తల్లులూ తండ్రులూ రండి. కోతల టైమని తెలుసు, గంటలో వదిలేస్తాం. పిల్లాడినీ వెంటపెట్టుకుని, వాడి ప్రోగ్రెస్ కార్డూ తీసుకురండి. అందులో రాసిన ఒక్కొక్క జాబూ పైకి చదువుదాం, నువ్వు ఇది చేశావా లేదా అని వాణ్ణే అడుగుదాం. కార్డే ఇవ్వలేదంటే, ఇవ్వలేదనే రాసుకుందాం.