పోర్ట్ వైన్: తియ్యదనం వెనక సంగతులు

విదేశాల నుంచి పిల్లలు తెచ్చే సామాన్లలో సెంటు సీసాలు, చాక్లెట్లతో పాటు ఈమధ్య వైన్ సీసాలు కూడా దిగుతున్నాయి. "అల్లుడు ప్రేమగా తెచ్చాడు. పోర్ట్ అని రాసి ఉంది. మా అమ్మమ్మ బాలింతలకు పట్టించిన టానిక్ ఇదేనా? బీరువాలో ఎన్నాళ్ళు దాచవచ్చు?" అని ఒక పాఠకురాలు అడిగారు.

వైన్ అనగానే పేజీ తిప్పెయ్యకండి! తాగమని నేను ఎవర్నీ ప్రోత్సహించడం లేదు. కానీ ఇంట్లోకి వచ్చిన వస్తువు మంచీ చెడ్డా ఇల్లాలికి తెలిసుండాలి కదా. పుచ్చుకునే అలవాటున్న ఇళ్ళలో ఏది ఎంచుకోవాలో కూడా తెలిసుంటే డబ్బు వృథా కాదు.

అసలు పోర్ట్ పుట్టిల్లు పోర్చుగల్. ఆ దేశానికి ఉత్తరాన డౌరో అనే నది ఉంది. దాని ఒడ్డున కొండలను మెట్లుమెట్లుగా చెక్కి ద్రాక్ష వేస్తారు. ఎక్కడి ద్రాక్షతో పోర్ట్ చెయ్యాలో 1756లోనే హద్దులు గీశారు. మన దేశంలో పోర్ట్ పేరుతో తయారైన తియ్యటి వైన్లు చౌకగా అమ్ముతారు గానీ, పేరొక్కటే తప్ప వాటికీ దీనికీ చుట్టరికం లేదు. డౌరో సరుకైతే సీసా మెడ మీద అక్కడి వైన్ సంస్థ వారి ముద్ర కాగితం అంటించి ఉంటుంది. మొదట అది చూడండి.

ఇక తియ్యదనం సంగతి. అరిసెల పాకం సరైన అదనులో దించకపోతే ఏమవుతుందో మనకు తెలుసు. పోర్ట్ కూడా అంతే, అదను మీద ఆధారపడ్డదే. ద్రాక్షరసం పులుస్తూ ఉంటే అందులోని చక్కెర ఆల్కహాలుగా మారిపోతుంది. చక్కెర సగం మిగిలి ఉండగానే, ద్రాక్ష నుంచి దించిన ఘాటు సారాన్ని నాలుగు పాళ్ళ రసానికి దగ్గర దగ్గర ఒక పాలు చొప్పున పోస్తారు. దాంతో పులవడం ఆగిపోతుంది, తీపి అలాగే నిలిచిపోతుంది. తర్వాత పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి ఉంచుతారు. మనం రోజూ వాడే ఈ పీపా అన్న మాట పోర్చుగీసు వాళ్ళదేనండీ! వాళ్ళు "పిపా" అంటారు. సుమారు 550 లీటర్లు పడుతుంది.

ఇక్కడే ఒక జాగ్రత్త. మామూలు వైన్‌లో ఆల్కహాలు నూటికి 12 నుంచి 14 పాళ్ళుంటే, పోర్ట్‌లో 19 నుంచి 22 దాకా ఉంటుంది. ఆ ఘాటు నాలిక్కి తెలియదు, తీపి కప్పేస్తుంది. "ద్రాక్షరసమే వదినా, ఆడవాళ్ళూ తాగొచ్చు" అంటూ ఎవరైనా పెద్ద గ్లాసులో పోసిస్తే పుచ్చేసుకోకండి. దీన్ని చిన్న గ్లాసుల్లో, భోజనమయ్యాక, కాస్త చల్లగా, మెల్లిగా చప్పరిస్తారు. చక్కెర లీటరుకు 100 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి షుగరున్న వాళ్ళు దూరంగా ఉండటమే మేలు.

బాలింతల మాటకొస్తాను. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని పోర్టో, బ్రాందీయో ఒక గరిటెడు పట్టించడం మన ఇళ్ళలో చాలాచోట్ల ఉండేది. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేశారు, కాదనను. కానీ ఆ ఎరుపు ద్రాక్ష తొక్కది. రక్తహీనత తీర్చే ఇనుము దాంట్లో చెప్పుకోదగ్గంత లేదు. పైగా తల్లి తాగిన ఆల్కహాలు పాలల్లోకి వస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళకైతే ఇంత తాగితే ఫరవాలేదు అనే హద్దే లేదంటారు డాక్టర్లు. మీ అమ్మాయో కోడలో పురిటికి వస్తే తోటకూర, రాగులు, డాక్టరు రాసిన ఐరన్ మాత్రలు ఇవ్వండి. సీసా మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి. చుట్టాల్లో ఎవరైనా "మాకు పట్టలేదా, మేం బతకలేదా" అంటారు. అననీండి!

ఎంచుకోవడానికి రెండు పేర్లు గుర్తుంచుకుంటే చాలు, రూబీ, టానీ. రూబీ అంటే చిన్న వయసుది. ఎర్రగా, పండ్ల వాసనతో ఉంటుంది. ధర కూడా తక్కువే. చాక్లెట్ తో బాగుంటుంది. టానీని పీపాలో చాలా ఏళ్ళు ఉంచుతారు. చెక్కలోంచి గాలి తగిలి తగిలి ఎరుపు విరిగి బెల్లం పాకం రంగుకు తిరుగుతుంది. దానిమీద 10, 20, 30, 40 అని ఏళ్ళు వేస్తారు. లోపలున్నది చాలా పీపాల కలగలుపు కాబట్టి ఆ అంకె ఆ వయసు రుచిని చెబుతుందే గానీ లెక్కకు సరిగ్గా అన్నేళ్ళని కాదు. లండన్‌లో మా చెల్లెలింట్లో 10 ఏళ్ళది రెండు గుక్కలు రుచి చూశాను. వేయించిన బాదంపప్పు, ఎండు ఖర్జూరం గుర్తొచ్చాయి. నన్నడిగితే మొదటిసారి కొనేవాళ్ళకు టానీయే నయం. పక్కన నాలుగు జీడిపప్పులు పెట్టుకుంటే సరి. తెల్ల పోర్ట్ కూడా ఉంది, దాన్ని భోజనానికి ముందు తాగుతారట.

అన్నిటికంటే ఖరీదైనది వింటేజ్. పంట బాగా కుదిరిన ఏడాదే చేస్తారు. రెండు మూడేళ్ళకే సీసాలోకి ఎక్కించేస్తారు. ఆపైన సీసాలోనే ఇరవై ఏళ్ళో ఇంకా ఎక్కువో పండాలి. అంత ఓపిక మనకెక్కడిది!

ఈ వ్యాపారంలో పేరు మోసిన వాళ్ళలో ఒక ఇల్లాలు ఉంది. డోనా ఆంటోనియా ఫెరీరా. పుట్టింది 1811లో. 33వ ఏట భర్త పోతే తోటలన్నీ తానే నడిపింది. చీడ పట్టి డౌరో తోటలు ఎండిపోతున్న రోజుల్లోనూ వెనకాడక కొత్త తోటలు వేయించింది. 1861లో నదిలో పడవ తిరగబడి, ఆ రోజుల్లో పేరున్న వర్తకుడు ఫారెస్టర్ మునిగిపోయాడు. ఆమె మాత్రం, వెడల్పాటి పరికిణీ నీళ్ళమీద బుడగలా తేలబట్టి బతికి బయటపడిందని చెప్పుకుంటారు. 1896లో పోయింది. అక్కడివాళ్ళు ఇప్పటికీ "ఫెరీరిన్యా" అని ముద్దుగా తలుచుకుంటారు.

దాచడం విషయానికొస్తే, రూబీ, టానీ సీసాలను చీకటిగా, చల్లగా ఉండే చోట నిలబెట్టి ఉంచండి. గ్యాస్ స్టవ్ పక్క అలమారలో మాత్రం వద్దు. ఇవి ఏళ్ళ తరబడి దాచితే బాగుపడేవి కావు. మూత తీశాక ఫ్రిజ్‌లో పెడితే రూబీ రెండు మూడు వారాలు, టానీ ఇంకాస్త ఎక్కువ నిలుస్తాయి. వింటేజ్ సీసాను పడుకోబెట్టి ఉంచాలి. తియ్యబోయే ముందు రోజు నిలబెడితే మడ్డి అడుక్కు దిగుతుంది. మర్నాడు పలచటి శుభ్రమైన గుడ్డలోంచి నెమ్మదిగా వంచుకోండి. ఒకటి రెండు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే రుచి చచ్చిపోతుంది.