ఎన్నాళ్లుంటామో తెలియదు, ఎలా ఉండాలో తెలుసు



పుట్టినవాడికి మరణం తప్పదు. అది ఎప్పుడన్నది మాత్రం ఎవరికీ తెలియదు. మన పెద్దలు ఈ మాటను వైరాగ్య బోధకు వాడారు. ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు గ్రామాల్లో దశాబ్దాల పాటు ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నేను దీనిని ఆరోగ్య విషయంగానే మీ ముందు ఉంచదలచాను. రేపటిపై సందేహం మనసును కలవరపెట్టి ఊరుకోదు. మాత్రలు మాన్పిస్తుంది, పరీక్షలు వాయిదా వేయిస్తుంది, కొన్నిసార్లు ప్రాణమే తీస్తుంది.

అరవై దాటినవారి నోట నేను తరచుగా విన్న మాట ఒకటుంది: "ఇంకెన్నాళ్లు బతుకుతాను డాక్టరుగారూ, ఈ వయసులో నాకు కంటి ఆపరేషన్ ఎందుకు?" వినడానికి ఇది వేదాంతంలా ఉంటుంది. విచారిస్తే లెక్క తప్పు. ఎన్నాళ్లు బతుకుతామో తెలియదంటే ఆరు నెలలే కావచ్చు, పదిహేనేళ్లూ కావచ్చు. ఆయుష్షు అనిశ్చితమే గాని, ముదిరిన శుక్లాన్ని అలాగే వదిలేస్తే చీకటి నిశ్చితం. చికిత్సతో చూపు తిరిగి వచ్చిన మనిషి ఆరు నెలలే జీవించినా మనుమల ముఖాలు చూస్తాడు, చేయి పట్టుకునేవారి కోసం ఎదురుచూడకుండా పెరట్లోకి వెళ్లి వస్తాడు. ఆ ఆరు నెలలు చిన్నవి కావు.

దీనికి ఎదురుగా మరొక ధోరణి ఉంది. "నాకేమీ కాదు, అంతా మంచే జరుగుతుంది" అని తలచి ఆసుపత్రి వైపే చూడనివారిది. దీనినే ఆశావాదమని చాలామంది పొరబడుతున్నారు. మన నమ్మకాన్ని బట్టి రక్తపోటు తగ్గదు. భయపడి చేతులు ముడుచుకోవడం, ధీమాతో కళ్లు మూసుకోవడం, ఈ రెండూ మనిషిని చేయవలసిన పని చేయనీయవు.

మరి ఆశ ఎలా ఉండాలి? భద్రాచలం వాసులకు గోదావరే నేర్పింది. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆ తరువాత కరకట్ట వచ్చింది. అయినా 2022 జూలైలో మళ్లీ 71.3 అడుగులు చూశాము. ఏ సంవత్సరం ఎంత వరద వస్తుందో ఎవరూ ముందుగా చెప్పలేరు. అలాగని ఆ తీరంలో ఎవరూ సేద్యం మానలేదు, పెళ్లిళ్లు ఆపలేదు. కోయలు ఏటా విత్తనాల పండుగ చేసుకొని నేలలో గింజ వేస్తూనే ఉన్నారు. ఏడాది పొడుగునా నదిని చూసి వణకకుండా, 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది అని గీతలు పెట్టుకున్నారు. గీత దాటేవరకు తమ పని తాము చేసుకుంటారు. దాటిందంటే సామాను సర్దుకుంటారు.

శరీరానికీ ఇటువంటి గీతలున్నాయి. రక్తపోటు పలుమార్లు 140/90 గాని అంతకు మించి గాని కనిపించినా, పరగడుపు చక్కెర 126కు చేరినా అది హెచ్చరికే, వైద్యుణ్ణి కలవాలి. ఆ కొలత తెలిసినవాడు మిగిలిన రోజులు నిశ్చింతగా గడపగలడు. తెలియనివాడికి ప్రతి తలనొప్పీ భయమే.

మన గిరిజన గూడేల్లో కనిపించే సికిల్ సెల్ రక్తహీనతనే చూడండి. తల్లిదండ్రులిద్దరూ ఆ లక్షణాన్ని మోస్తున్నవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒకప్పుడు దీనిని శాపమనుకొనేవారు. నేడు పెళ్లికి ముందే రక్తపరీక్షతో తెలుసుకోవచ్చు. వ్యాధి ఉన్న పిల్లలకు హైడ్రాక్సీయూరియా, టీకాలు, తగినంత నీరు తాగే అలవాటు ఉంటే నొప్పి దాడులు తగ్గి, చాలామంది బడికి, కొలువుకు వెళ్లగలుగుతున్నారు. 2023లో దేశవ్యాప్తంగా ఈ వ్యాధి నిర్మూలన కార్యక్రమం మొదలైంది. మలేరియా కథా ఇంతే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని కనుగొనే వరకు అది చెడుగాలి వల్ల వస్తుందని జనం నమ్మారు. కారణం తెలిశాక దోమతెర చేతికి వచ్చింది.

అయితే ఆశతో ఉండమని పేదవాడికి బోధించి ఊరుకోవడం న్యాయం కాదు. వాగు పొంగితే దారి తెగే గూడెంలోని గర్భిణికి ధైర్యవచనాలతో పని జరగదు. నెలలు నిండకముందే ఆమెను ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చాలి. నొప్పులు ఏ రాత్రి వస్తాయో తెలియదు కనుకనే ముందుగా తరలించాలి. వానకాలంలో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ పాముకాటు విరుగుడు మందు నిల్వ ఉండాలి. ప్రజల ఆశకు ప్రభుత్వం కట్టవలసిన కరకట్ట ఇది.

ఇక మన వంతు. ఈ వారంలోనే రక్తపోటు, చక్కెర చూపించుకోండి. వాయిదా వేసిన చికిత్స ఏదైనా ఉంటే తేదీ నిర్ణయించుకోండి. పాము కరిస్తే మంత్రగాని గడప తొక్కక 108కి ఫోన్ చేయండి. ఏ పనిపైనా మనసు పోక, నిద్ర పట్టక, దిగులు రెండు వారాలు దాటితే అది బలహీనత అనుకోవద్దు, చికిత్స ఉన్న జబ్బు. టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఎంతోకాలంగా పలకరించని బంధువు ఉంటే ఈ సాయంత్రమే వెళ్లి రండి.

డెబ్బై దాటిన నేను కూడా ఉదయం మాత్ర వేసుకొని, పెరట్లో మామిడి మొక్కకు నీళ్లు పోస్తున్నాను. దాని కాయ నేను తింటానో లేదో తెలియదు. ఎవరో ఒకరు తింటారన్నది మాత్రం నాకు గట్టి నమ్మకం.