మానూ వంగుతుంది

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెతను ముప్పైమూడేళ్ళ ఉపాధ్యాయ వృత్తిలో ఎన్ని వందలసార్లు వల్లించానో లెక్కలేదు. ఇప్పుడు ఆ సామెతతోనే నాకు పేచీ వచ్చింది.

ఎరిక్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లో ప్రచురించిన గ్రంథంలో మనిషి ఎదుగుదలను ఎనిమిది దశలుగా విభజించాడు. వాటిలో చివరి మూడూ పెద్దవాళ్ళవే. రాబోయే తరానికి ఏమైనా అందించామా, లేక మనలో మనమే గడ్డకట్టుకుపోయామా అన్నది నడివయసు పరీక్ష. గడచిన బ్రతుకును ఉన్నదున్నట్లుగా అంగీకరించగలమా అన్నది వార్ధక్యపు పరీక్ష.

ఇందుకు మన సాహిత్యంలోనే చక్కని తార్కాణముంది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం' అప్పటికే ప్రదర్శనలో మెప్పు పొందిన నాటకం. అయినా గురజాడవారు దానిని వదిలిపెట్టక, దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసి 1909లో రెండవ కూర్పు వెలువరించారు. మధురవాణి నిండు వ్యక్తిగా రూపుదిద్దుకున్నది అందులోనే. పన్నెండేళ్ళలో పెరిగినది నాటకమొక్కటే కాదు, నాటకకర్త కూడానని నా నమ్మకం.

ఆ నాటకాన్ని ఎంతో రక్తి కట్టించి పాఠం చెప్పిన నేనే, ఒక శ్రీకాకుళం కుర్రవాడు తన ఇంటి మాటల్లో వ్యాసం రాస్తే పేజీ నిండా ఎర్రసిరాతో కొట్టివేశాను. "ఇది తెలుగేనా?" అని తరగతిలో అందరిముందూ అడిగాను. గిరీశం మాటలకు నవ్విన నోటితోనే ఆ ప్రశ్న అడిగానన్న స్పృహ నాకు అప్పుడు లేదు.

నిరుడు ఒక పెళ్ళిలో అతడు కనబడి కాళ్ళకు నమస్కరించాడు. "ఏమైనా రాస్తున్నావా నాయనా?" అంటే, "ఆ రోజు తరవాత రాయలేదు మాస్టారూ" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. భోజనాలయ్యాక పక్కకు పిలిచి, "తప్పు నాదిరా" అన్నాను. అతడు కంగారుపడి, "అయ్యో, అంత మాటెందుకండీ" అన్నాడు.

అరవై దాటాక పలికిన ఆ అయిదక్షరాల మాట నాకు భాషాప్రవీణ పరీక్ష కన్నా కష్టమయింది. అతడు మళ్ళీ కలం పడతాడో లేదో చెప్పలేను. పోయినది నేను తిరిగి ఇవ్వలేను కూడా. కానీ ఇతరుల రాతలు దిద్దినవాడికి తన రాత దిద్దుకునే గడువు పదవీ విరమణతో తీరిపోదని మాత్రం తెలిసింది.

మాను వంగుతుంది. వంగేటప్పుడు నొప్పి పెడుతుంది, అంతే. మీకూ ఇటువంటి అనుభవముంటే చెప్పండి, వింటాను.