మూడు తులాల బిళ్ల

పోయిన నెల ఒక శనివారం పొద్దున్నే కోరుట్ల నుంచి మా మామ ఫోన్. మామూలుగా అయితే ముందు వానలు, తర్వాత పసుపు రేటు, చివరికి "తిన్నవా" అనే ప్రశ్న. ఈ వరుస ఎప్పుడూ తప్పడు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించి అడిగాడు.

"అల్లుడా, నీ ఫోన్ల నుంచి పద్దెనిమిది వేల ఐదొందలు కొట్టొస్తదా? నాది లిమిట్ దాటిందంటున్నది."

"ఎవరికి మామా?"

"గదంత తర్వాత చెప్త. ముందుగాల కొట్టు."

కొట్టలేదు. హైదరాబాద్‌లో బస్సెక్కి మధ్యాహ్నానికల్లా కోరుట్లలో దిగాను.

సంగతి ఏంటంటే, డల్లాస్‌లో ఉండే మా బావ రెండేళ్ల కింద మామ షష్టిపూర్తికి ఒక అమెరికా బంగారు నాణెం తెచ్చి ఇచ్చాడు. ఇరవై డాలర్ల నాణెం. ఒకవైపు చేతిలో కాగడా పట్టుకుని నడిచొస్తున్న స్త్రీ, రెండోవైపు సూర్యుడి మీదుగా ఎగిరే గద్ద. ఇన్నాళ్లూ అది బీరువాలో చీరల కింద ఉంది. ఈ మధ్య బావ ఉద్యోగం పోయింది. ఇక్కడేమో మామ చిన్న బిడ్డకు సిరిసిల్ల సంబంధం ఖాయమైంది. కొడుకును అడగొద్దని మామ పట్టుదల. సరిగ్గా అప్పుడే కాబోయే వియ్యంకుడు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. "ఈ నాణెం మీ ఇంట్లో ఉంటే మీరు కోటీశ్వరులే" అని. బొమ్మ అదే, గద్ద అదే. కింద ఒక నంబర్. మామ ఆ నంబర్‌కు ఫోటో పంపాడు. నాణేనికి నాలుగు కోట్లు ఇస్తామన్నారు. ముందు రిజిస్ట్రేషన్‌కు రెండున్నర వేలు కట్టమంటే కట్టాడు కూడా. ఇప్పుడు టాక్స్ కింద పద్దెనిమిదిన్నర వేలు.

చెప్పడానికి కష్టంగా అనిపించిన మాట ఒకటే. "మామా, ఆ వీడియోలో ఉన్నది నిజమే. కానీ అది నీ దగ్గరున్న నాణెం కాదు."

వీడియోలోది 1933 నాటిది. ఆ సంవత్సరం అమెరికా టంకశాల ఈ నాణేలను 4,45,500 ముద్రించింది. కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో ప్రెసిడెంట్ రూజ్‌వెల్ట్ జనం దగ్గరున్న బంగారమంతా ప్రభుత్వానికి అప్పగించాలని ఆర్డర్ ఇచ్చాడు. దాంతో 1933 నాణేలు చలామణిలోకే రాలేదు. అన్నీ కరిగించి కడ్డీలు చేశారు. కొన్ని మాత్రం దొంగదారిన బయటికి పోయాయి. వాటిలో ఒకటి ఈజిప్టు రాజు ఫారూక్ చేతికి చేరింది. పొరపాటున దానికి ఎగుమతి పర్మిషన్ కూడా ఇచ్చేశారు. మనిషి దగ్గర ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకున్న ఒకే ఒక్క 1933 నాణెంగా 2002లో అది వేలానికి వచ్చింది. 75.9 లక్షల డాలర్లు పలికింది. దాని మీద ఇంకో ఇరవై డాలర్లు కట్టించుకున్నారు. అంతవరకు అది ప్రభుత్వం లెక్కలో డబ్బే కాదు కాబట్టి, డబ్బుగా మార్చడానికట! అదే నాణెం 2021 జూన్‌లో న్యూయార్క్‌లో 1.89 కోట్ల డాలర్లకు పోయింది. మన డబ్బుల్లో నూట ముప్పై కోట్ల పైమాటే. ఫిలడెల్ఫియాలో ఒక కుటుంబం దగ్గర ఇంకో పది దొరికితే ప్రభుత్వం తీసేసుకుంది, కోర్టులో కూడా ప్రభుత్వమే గెలిచింది.

మామ దగ్గరున్న దాని మీద 1924 అని ఉంది. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో ఇవి 43,23,500 ముద్రించారు. అందులో చాలావరకు విదేశీ చెల్లింపుల కింద యూరప్ బ్యాంకుల్లోకి పోయాయి, కాబట్టి రూజ్‌వెల్ట్ కొలిమిని తప్పించుకున్నాయి. ఆ తర్వాత మూటలు మూటలుగా తిరిగొచ్చాయి. ఈ రకంలో ఇంత సులువుగా దొరికే సంవత్సరం ఇంకోటి లేదు.

"మరి ఏదన్న గుర్తు చిన్నది ఉంటే రేటు మారుతదట కద?" అన్నాడు మామ. వీడియో గట్టిగానే చూశాడు. మారుతుంది. సంవత్సరం అంకె పైన ఒక చిన్న అక్షరం ఉంటే, నాణెం ఏ ఊరి టంకశాలలో తయారైందో చెబుతుంది. డెన్వర్ అయితే 'డి'. అక్షరం లేకపోతే ఫిలడెల్ఫియా. 1927లో డెన్వర్‌లో 1,80,000 కొట్టారు, దాదాపు అన్నీ కరిగిపోయాయి. ఇప్పుడు లెక్కకు దొరికేవి ఇరవై కూడా లేవు. ఒక్కోటి పది లక్షల డాలర్లు దాటుతుంది. అదే 1927 నాణెం ఆ 'డి' లేకుండా ఉంటే ధర బంగారం ధరకు కాస్త పైన, అంతే. మా కోడ్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే ప్రోగ్రాం ఆగిపోతుంది. ఇక్కడ కోట్లు ఆగిపోతాయి.

కొడుకు ఇచ్చినప్పుడు డబ్బా ఏమన్నా ఉందా అని అడిగాను. అత్తమ్మ నవ్వింది, మామ నవ్వలేదు. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి ఉందట. లోపల అసలు బంగారమో కాదో చూద్దామని మామ హెక్సా బ్లేడుతో కోశాడు. అక్కడితో ఆగకుండా జగిత్యాలలో తెలిసిన అవుసలాయన దగ్గరికి తీసుకుపోతే, ఆయన గీటురాయి మీద అంచు రుద్ది చూశాడు. "అసలుదే గని ఇరవై రెండు క్యారెట్లు గూడ లేదు" అన్నాడట.

ఆయన కరెక్ట్. నాణెం బరువు 33.436 గ్రాములు, అందులో 90 శాతం బంగారం. అంటే 21.6 క్యారెట్లు. మేలిమి లెక్క కడితే 30 గ్రాములు, మన భాషలో మూడు తులాలు. ఆ పరీక్ష తప్పు కాదు, కాకపోతే సేకరించేవాళ్లు చూసేది వేరే. అమెరికాలో నాణెం స్థితికి ఒకటి నుంచి డెబ్బై దాకా మార్కులు వేసి, ఆ మార్కుతో డబ్బాలో సీలు వేస్తారు. పీసీజీఎస్, ఎన్‌జీసీ అని కంపెనీలే ఉన్నాయి. అరుదైన నాణెమైతే ఒక్క మార్కు తేడాకు ధర రెండింతలవుతుంది. తోమినా, పాలిష్ పెట్టినా, మెడలో వేసుకోవడానికి కొక్కెం అతికించినా పడిపోతుంది. మనమేమో పాతది ఏది దొరికినా ముందు చింతపండు పెట్టి తోముతాం. మామది మామూలు నాణెం కాబట్టి డబ్బా కోసినందుకు, అంచు గీసినందుకు పోయింది కొంచెమే. అదే 1927 డెన్వర్‌ది అయ్యుంటే... ఆ లెక్క నేను మామకు చెప్పలేదు.

బంగారమే లేకుండా విలువ ఎట్లా వస్తుందో చూడాలంటే మన జిల్లాలోనే ఉంది. వెల్గటూరు దగ్గర గోదావరి ఒడ్డున కోటిలింగాల. అక్కడ దొరికినవి ఎక్కువగా రాగి, సీసం ముక్కలే. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ వాటిని ఓపికగా సేకరించారు, పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటి మీది బ్రాహ్మీ అక్షరాలు చదివారు. గోబద, నారన, కంవాయ, సమగోప. ఈ రాజుల పేర్లు మనకు తెలిసింది ఆ నాణేల వల్లనే. శాతవాహనుల్లో మొదటివాడైన సిముకుడి నాణేలు కూడా అక్కడ దొరికాయి. కరిగిస్తే గిన్నెకు మాటు వేయడానికి కూడా సరిపోనంత లోహం. ఎవరో ఒకరు తోమి, కరిగించి, లేకపోతే ఎక్కడ దొరికిందో చెప్పకుండా అమ్ముకుని ఉంటే, ఆ నలుగురు రాజులు ఉన్నట్టే మనకు తెలిసేది కాదు. నేల కింద దొరికినది పది రూపాయల విలువ దాటితే కలెక్టర్‌కు చెప్పాలని 1878 నాటి చట్టం ఉంది. పది రూపాయలంటే నవ్వొస్తుంది గానీ, చట్టం ఇంకా అమల్లోనే ఉంది.

సాయంత్రం మామ ముందే ఆ నంబర్‌కు ఫోన్ చేశాను. అవతలివాడు రిజర్వ్ బ్యాంకు పేరు తీశాడు. పాత నాణేల కొనుగోలుతో తమకు సంబంధం లేదని, అలాంటి ఫీజులు తాము అడగమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. ఆ మాట అనగానే కట్ చేశాడు. 1930కి ఫిర్యాదు ఇచ్చాం. రెండున్నర వేలు ఇంకా రాలేదు.

మర్నాడు ఇద్దరం సిరిసిల్ల పోయాం. అసలు భయం అక్కడ. వీడియో పంపింది వియ్యంకుడే కదా, ఇంట్లో నాలుగు కోట్లున్నాయని ఆయన అనుకుంటే రేపు పెట్టుపోతల దగ్గర ఏమంటాడో అని మామ దారంతా నలిగిపోయాడు. సాంచాల చప్పుడు మధ్య నిలబడే ఉన్నమాట చెప్పేశాడు. వియ్యంకుడు నాణెం తిప్పి తిప్పి చూసి, "నేను ఊరికెనే పంపిన బావా, నా దగ్గర కూడ ఒక పాత బిళ్ల ఉండె. నేను గూడ రెండున్నర వేలు కట్టిన" అన్నాడు.

పెళ్లి మాఘంలో. ఆ మూడు తులాలు కరిగించి పిల్లకు హారం చేయించాలని అత్తమ్మ, కొడుకు ఇచ్చింది కరిగించొద్దని మామ. ఇంకా తేలలేదు. బావకు డబ్బా సంగతి ఎవరూ చెప్పలేదు.