వాకిట నిలిచిన బిడ్డ



వీధిలోని పిల్లలు క్రొత్తపుస్తకములు చేతబట్టుకొని బడికి పోవుచుండగా, నడువలేని బిడ్డనో, చెవులు వినబడని బిడ్డనో, బుద్ధి మెల్లగా వికసించు బిడ్డనో యొడిలో నిడుకొని చూచుచు కూర్చుండు తల్లులు మనలో ననేకులు కలరు. ఈ మాసము వారితో ముచ్చటింపవలెనని యున్నది.

భారతమున, అరణ్యపర్వమందు, అష్టావక్రుడు జనకుని యాగశాలకు పోయినప్పుడు ద్వారపాలకుడు బాలుడవని యడ్డగించెను. జనకుడట్లు చేయలేదు, ప్రశ్నలడిగి, ప్రత్యుత్తరములు విని, పిమ్మట లోనికి రానిచ్చెను. నేటి బడులయందును ఈ రెండు తీరులే కానవచ్చుచున్నవి. చూచి పంపివేయువారు కలరు. అడిగి తెలిసికొనువారు కలరు.

మా యెఱుకలోని యొక తల్లి తన 6 ఏండ్ల కూతును ఊరిబడికి తీసికొని పోయెను. ఆ పిల్లకు అంకెలు నిలువవు. కాని విన్నపాట మఱువదు, చూచిన మొగము మఱువదు. "ఇట్టివారికి వేఱుబడు లున్నవి, అచటికి తీసికొనిపొండు" అని చెప్పిరి. ఆ వేఱుబడి యెచట నున్నదో, ఎట్లు చేరవలెనో ఎవరును చెప్పలేదు. బిడ్డ 2 ఏండ్లు ఇంటనే యుండెను. వాకిట చెప్పిన మాటనే చట్టమని యా తల్లి నమ్మినది.

చట్టమట్లు చెప్పదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిలు 19వ తేదీనుండి అమలులో నున్నది. 1995 నాటి చట్టము 7 విధములైన వైకల్యములనే గుర్తింపగా, ఇది 21 విధములను గుర్తించినది. దీని 31వ సెక్షను ననుసరించి, 40 శాతమునకు తక్కువ కాని వైకల్యముగల బిడ్డకు 6 మొదలు 18 ఏండ్లవఱకు, దగ్గఱి బడిలోగాని ప్రత్యేక పాఠశాలలోగాని, తాను కోరినచోట ఉచితముగా చదువుకొను హక్కు కలదు. "కోరినచోట" అను మాటను గమనింపుడు. ఎన్నిక బిడ్డదియే. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములును, గుర్తింపు పొందినవియు భేదము చూపక చేర్చుకొనవలెనని 16వ సెక్షను చెప్పుచున్నది.

ఏ బడి తగినదన్న ప్రశ్నకు ఒక్కటే జవాబు లేదు. కాళ్లు మాత్రమే సహకరింపని బిడ్డకు వాలుదారియు, వాడుకొనదగిన మరుగుదొడ్డియు నున్న ఊరిబడియే చాలును. వానిని వేఱుబడికి పంపుట యన్యాయము. పుట్టుచెవుడుగల బిడ్డకు సంజ్ఞలతో మాటలాడు తోడివారు చిన్ననాటనే కావలెను. అట్టివారు ఊరిబడిలో లేనిచో ప్రత్యేక పాఠశాలయే మేలు. చూపులేని బిడ్డకు బ్రెయిలీ నేర్పువారెచట నుందురో యచటనే చదువు. వైకల్యము మిక్కిలి తీవ్రమైనచో ఇంటనే చదువుకొనుటను కోరవచ్చునని విద్యాహక్కు చట్టమునకు 2012లో సవరణ జరిగినది. అది తల్లిదండ్రులు కోరుకొనవలసినదే గాని బడివారు బిడ్డను వదిలించుకొనుటకు సాకు కారాదు.

ఇక చేయవలసిన పనులు. ముందుగా సదరం ధ్రువపత్రము తీసికొనుడు. మండలమందలి భవిత కేంద్రమునకు పోయి, అచటి ప్రత్యేక ఉపాధ్యాయునిచే బిడ్డను పరీక్షింపజేయుడు. బుద్ధిమాంద్యము విషయమున సికింద్రాబాదులో 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ కలదు. అచట పరీక్షయు, తల్లిదండ్రులకు శిక్షణయు లభించును. బడికి నోటిమాటగా గాక దరఖాస్తుగా వ్రాసియిచ్చి రసీదు పుచ్చుకొనుడు. కాదన్నచో కారణమును కాగితముపై కోరుడు. అప్పటికిని తీరనిచో రాష్ట్ర దివ్యాంగుల కమిషనరునకు ఫిర్యాదు చేయవచ్చును. చేరిన పిమ్మట, పరీక్షలో అధికసమయము, వ్రాసిపెట్టు మనిషి, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు మొదలగునవి 17వ సెక్షనులో నున్నవని మఱువకుడు.

ఉపాధ్యాయుని కష్టమును తలపకుండుట న్యాయము కాదు. తరగతినిండ పిల్లలుండగా, ఈ బిడ్డకు నేర్పు విద్య తనకెవరును నేర్పనప్పుడు, ఆయన వెనుదీయుట కఠినహృదయము వలననే యనరాదు. ప్రాథమికస్థాయిలో ఇట్టి 10 మంది పిల్లలకొకరు, ఆపైస్థాయిలో 15 మందికొకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయు లుండవలెనని సర్వోన్నత న్యాయస్థానము 2021లో చెప్పినది. వారిని నియమింపుమని అడుగుట తల్లియు, పంతులును చేయికలిపి చేయవలసిన పని.

పైన చెప్పిన బాలిక భవిత కేంద్రము ద్వారా ఊరిబడిలోనే చేరినది. అంకెలింకను తడబడుచున్నవి, కాని తన పేరు తాను వ్రాసికొనుచున్నది. పోయిన 2 ఏండ్లను మాత్ర మెవరును తిరిగి యీయలేరు. అందుచేతనే ఆలస్యము వలదని యింతగా చెప్పుచున్నాను.

ధ్రువపత్రము బిడ్డ చేయలేనిదానిని శాతములలో చెప్పును. చేయగలిగినదానిని మీరే వ్రాయవలెను: తానై తినునా, పిలిచిన పలుకునా, దేనిని చూచి నవ్వును, ఎవరితో ఆడును, ఏ పని యెంతసేపు విడువక చేయును. ఈ వారమే తీరిక చేసికొని యొక కాగితమునిండ వ్రాయుడు. దరఖాస్తుతో దానిని జతపఱచి, బడివారెదుట చదివి వినిపింపుడు.